అక్క చూడని జూ

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయండన్నా అని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు, చదువు గురించి, క్రమశిక్షణ గురించి నాలుగు మంచి మాటలు రాద్దామనే కూర్చున్నాను. పెన్ను పట్టుకోగానే నాకు ఒక జామెట్రీ బాక్సు గుర్తొచ్చింది. ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి అది. మన హాస్టల్ వాళ్లకు కాక ఇంకెవరికి చెప్పుకుంటాను? అందుకే అదే రాస్తున్నాను.

నేను 1998లో ఆరో తరగతికి ఈ హాస్టల్‌లో చేరాను. మాది దేవరకొండ వైపు ఒక చిన్న ఊరు. అమ్మానాయినలది కూలి బతుకు. అక్క నాకంటే మూడేళ్లు పెద్దది. ఐదో తరగతి దాకా మా ఊరి బడిలో నాకంటే బాగా చదివింది. లెక్కలు నోటితోనే చేసేది. పై చదువుకు పక్క ఊరికి నడిచి పోవాలి. "ఇద్దరూ బడికి పోతే కూలికి ఎవరొస్తరు, ఇల్లెట్ల గడుస్తది" అన్నారు. అక్క బడి మానేసింది. అక్క మానేసిన మూడేళ్లకు నేను ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకొని హాస్టల్‌కు వచ్చాను. ఆ పెట్టె, దాని తాళం, పళ్లెం, గ్లాసు అన్నీ అక్క పత్తి ఏరిన పైసలతో కొన్నవే. అప్పట్లో నాకది పెద్ద విషయం అనిపించలేదు. అందరి ఇళ్లలోనూ అంతే కదా అనుకున్నాను.

ఏడో తరగతిలో ఉండగా, 2000 జనవరిలో, మమ్మల్ని విహారయాత్రకు హైదరాబాద్ తీసుకుపోయారు. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, జూ పార్కు చూశాం. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయి అక్కకు కథలు కథలుగా చెప్పాను. సింహాలను బస్సులో కూర్చొని చూసినామని, పిల్లల రైలు ఎక్కినామని, నీటిగుర్రం నోరు తెరిస్తే మన దాలి అంత ఉంటదని చెప్పాను. సగం నిజం, సగం నా సొంత కవిత్వం. అక్క కట్టెలు పొయ్యిలోకి తోస్తూ వినేది. "అంత పెద్ద నోరా? నిజం చెప్పురా" అని మళ్లీ మళ్లీ అడిగేది.

ఆ ఏడాది నుంచి అక్క గల్లగురిగిలో పైసలు వేయడం మొదలుపెట్టింది. కలుపు కూలిలో అమ్మకు ఇచ్చినంత ఇచ్చి, మిగిలిన రూపాయి, రెండు రూపాయలు అందులో వేసేది. ఆగస్టులో కృష్ణాష్టమి దగ్గర పడ్డప్పుడు గురిగి పగలగొట్టారు. లెక్కపెడితే 640 రూపాయలు! మా ఇంట్లో అందరం కలిసి ఎక్కడికైనా పోవాలంటే అంతవరకు పెండ్లికో, చావుకో, జాతరకో పోయినవాళ్లమే. ఊరికే చూసి రావడానికి పోవడం మాకు అదే మొదటిసారి. మా చిన్నాయన హైదరాబాద్‌లో చిక్కడపల్లి వైపు కూరగాయల మూటలు మోసేవాడు. "రాండ్రి, మా ఇంట్ల ఉందురు, నాలుగు దినాలు తిరుగుదాం" అన్నాడు. నాయిన హాస్టల్‌కు వచ్చి దండం పెట్టి అడిగితే వార్డెన్ సార్ సెలవు ఇచ్చారు. పరీక్షలు దగ్గర్లో ఉన్నాయని పుస్తకాల సంచి కూడా వెంట తీసుకుపొమ్మన్నారు.

ఆగస్టు 22, మంగళవారం పొద్దున బస్సెక్కాం. అమ్మ జొన్న రొట్టెలు, ఎల్లిపాయ కారం సద్ది కట్టింది. అక్క ఒడిలో ఒక బట్ట సంచి పెట్టుకొని కూర్చుంది. అందులో ఇంకా కట్టని లంగా ఓణీ ఉంది. జూకు పోయిన రోజు కట్టుకుంటానని దాచుకుంది. మిగిలిన పైసలు కూడా ఒక గుడ్డలో ముడి వేసి ఆ సంచిలోనే పెట్టుకుంది.

సాయంత్రం చిన్నాయన మమ్మల్ని ట్యాంక్‌బండ్‌కు నడిపించుకొని పోయాడు. సన్నగా తుంపర పడుతోంది. నీళ్ల మధ్యలో బుద్ధుడి విగ్రహం చూసి నాయిన ఆగిపోయాడు. ఆ రాయి అప్పటి మన నల్లగొండ జిల్లాదే, భువనగిరి దగ్గరి రాయగిరి గుట్టది. 1990లో విగ్రహాన్ని తెప్ప మీద తీసుకుపోతుండగా అది ఒరిగి విగ్రహం నీళ్లలో పడిపోయింది. మనుషులు కూడా చనిపోయారు. రెండేళ్లకు పైగా నీళ్ల అడుగునే ఉండి, 1992 డిసెంబరులో లేచి నిలబడింది. నాయినకు ఈ సంగతంతా తెలుసు. "అన్ని దినాలు నీళ్లల్ల ఉన్నా ఏం కాలె సూడు మన రాయి" అన్నాడు, తానే చెక్కినట్టు. అక్క మాత్రం "జూకు రేపు ఎన్నింటికి పోదాం చిన్నాయనా" అని అడిగింది.

బుధవారం తెల్లవారకముందే లేచి అక్క కొత్త బట్టలు కట్టుకుంది. జడలో పూలు కూడా పెట్టుకుంది. బయట వాన. ఆగుతుందేమోనని తొమ్మిది దాకా చూశాం, పదకొండు దాకా చూశాం. గడప మీద కూర్చొని అక్క మొగులు వైపే చూస్తోంది. చిన్నాయన "ఇంత వానల జంతువులు బయటికి రావు బిడ్డా, రేపు పోదాం తియ్" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. జూ చూసినవాణ్ని నేనొక్కణ్నే కదా. నేను పెద్ద అనుభవం ఉన్నవాడిలా "అవును, రావు" అన్నాను. నిజానికి నాకు తడవడం ఇష్టం లేదు. నేను చూసేసిన జూయే కదా అని ఒక నిర్లక్ష్యం. అక్క ఏమీ అనలేదు. కొత్త బట్టలు విప్పి, మడతపెట్టి, మళ్లీ సంచిలో పెట్టుకుంది.

చిన్నాయన వాళ్లది ఒకటే గది, రేకుల ఇల్లు. ఇంటి వెనక పది అడుగుల దూరంలో నాలా. హుస్సేన్‌సాగర్ నిండితే మత్తడి దుంకే నీళ్లు ఆ నాలాలోనే పోతాయి. అశోక్‌నగర్, నల్లకుంట, గోల్నాక మీదుగా పోయి మూసీలో కలుస్తాయి. ఇదంతా తర్వాత తెలుసుకున్నది. ఆ రోజు మాకు అది ఒక మోరీ మాత్రమే. రాత్రి ఎనిమిదింటికి కరెంటు పోయింది. రేకుల మీద వాన చప్పుడుకు పక్కనున్న మనిషి మాట వినపడలేదు. దీపం పెట్టుకొని ఇంత తిని, చిన్నాయన ఇద్దరు పిల్లలతో కలిపి ఎనిమిది మందిమి వరుసగా పడుకున్నాం. నాకది కొత్త కాదు, హాస్టల్ హాలులో పడుకున్నట్టే ఉంది.

ఎంత రాత్రయిందో తెలియదు, వీపు చల్లగా అయి మెలకువ వచ్చింది. చాప తడిసింది. ఇల్లు కురుస్తుందేమో అనుకున్నాను. చెయ్యి పెట్టి చూస్తే కింద నీళ్లు. ముందు మోరీ నుంచి ఎదురు తన్ని ఇంట్లోకి వచ్చాయి, తర్వాత గడప మీది నుంచి వచ్చాయి. నాయిన "లెవ్వుండ్రి లెవ్వుండ్రి" అని కేక పెట్టాడు. చిన్నమ్మ బియ్యం మూటను అటక మీదికి ఎత్తబోయింది. నాయిన ఆమెను ఆపి, ఇద్దరు పిల్లలను చెరో భుజం మీద వేసుకొని బయటికి నడిచాడు. తలుపు తీసేసరికి నీళ్లు నా మోకాళ్లు దాటాయి. సందు మలుపుకు నడుము దాకా వచ్చాయి. చీకట్లో ఎక్కడ మోరీ ఉందో, ఎక్కడ గచ్చు ఉందో తెలియదు. చిన్నాయన గోడ పట్టుకొని ముందు నడుస్తుంటే, ఒకరి బట్ట ఒకరం పట్టుకొని వెనక నడిచాం. మధ్యలో అక్క చెయ్యి వదిలింది. "ఇప్పుడే వస్తా" అని మాత్రం వినపడింది. అమ్మ పెట్టిన కేక నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఎత్తు మీదున్న ఒక సర్కారు బడికి చేరాం. అప్పటికే అక్కడ చాలామంది ఉన్నారు. కొంచెం సేపటికి అక్క వచ్చింది. నిలువెల్లా తడిసి, వణుకుతూ వచ్చింది. నెత్తి మీద నా పుస్తకాల సంచి ఉంది. రెండు చేతులతో పైకెత్తి పట్టుకొని తెచ్చింది. కింద పెట్టి "తడవలేదు చూడు" అంది.

నేను సంచి విప్పి చూశాను. పుస్తకాలన్నీ ఉన్నాయి. జామెట్రీ బాక్సు లేదు. నేను అడిగిన మొదటి మాట ఇది: "నా జామెట్రీ బాక్సేది?"

అక్క "చీకట్ల కనపడలేదురా" అంది. "అది కూడా చూసి తేవద్దా" అని నేను విసుక్కున్నాను. అమ్మ ఏడుస్తూ అక్కను పట్టుకుంది. అక్క చేతిలో తన బట్ట సంచి లేదని నేను గమనించింది తెల్లవారిన తర్వాత. కొత్త లంగా ఓణీ, గల్లగురిగి పైసలు, అన్నీ నీళ్లలో పోయాయి. రెండు సంచులూ ఒకే కొక్కేనికి తగిలించి ఉండేవి. ఒక్కటే తేగలిగితే నాది తెచ్చింది.

బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం ఇంత పని చేసిందని తర్వాత పేపర్లో చదివాను. 24వ తేదీ పొద్దుటికి 24 గంటల్లో బేగంపేటలో 24 సెంటీమీటర్ల వాన నమోదైంది. తారీఖు, గంటలు, సెంటీమీటర్లు అన్నీ ఒకటే అంకె కాబట్టి నేను ఎన్నటికీ మరవలేదు.

ఆ బడిలో రెండు రోజులు ఉన్నాం. మొదటి రోజు మధ్యాహ్నం బస్తీ పిల్లగాండ్లు ఎవరో బకెట్లలో పులిహోర తెచ్చారు. ఒక్కసారిగా అందరూ మీద పడ్డారు. ముసలివాళ్లు, చిన్నపిల్లలు వెనక పడిపోయారు. సగం అన్నం నేలపాలైంది. అది చూసి నాకు మన హాస్టల్ గంట గుర్తొచ్చింది. సాయంత్రం మళ్లీ బకెట్లు వచ్చినప్పుడు నేను ముందే పోయి చిన్నపిల్లలను వరండాలో రెండు వరుసలు కూర్చోబెట్టాను. చిన్నవాళ్లకు ముందు, పెద్దవాళ్లకు తర్వాత, వడ్డించినవాడు చివరికి. మన హాస్టల్‌లో మనం రోజూ చేసేదే. పదమూడేళ్ల పిల్లవాణ్ని చూసి మొదట నవ్వారు. తర్వాత ఒక ఆటో ఆయన, ఒక చాయ్ బండి ఆయన వచ్చి గరిటె పట్టారు. ఎవరిది ఏ కులమో, ఏ మతమో ఎవరూ అడగలేదు. మా ఊళ్లో అయితే నేను ముట్టుకున్న బకెట్‌లోంచి ఎంతమంది తినేవాళ్లో నాకు తెలుసు. అందుకే ఆ రాత్రి అన్నం వడ్డిస్తుంటే నాకు గర్వంగా ఉండింది. అక్క కూడా వరుసలో కూర్చొని నా చేత్తో వడ్డించుకొని తిన్నది. ఒక ముసలి ముస్లిం అవ్వ తన పొడి చున్నీ తీసి అక్క భుజాల మీద కప్పింది. వద్దంటే వినలేదు.

ఆ అవ్వతో ఉన్న తాత రాత్రిపూట మూసీ కథ చెప్పాడు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగితే ఊరు ఊరంతా కొట్టుకుపోయిందట. ఆస్పత్రి దగ్గర చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారట. ఆయన కూడా తన పెద్దల దగ్గర విన్నదే. ఆ వరద తర్వాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి, పైన గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులు కట్టించారని పెద్దయ్యాక పుస్తకాల్లో చదువుకున్నాను. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఆ చెట్టును కూడా చూశాను. చెరువులు కట్టి మూసీని కొంత ఆపగలిగారు. కానీ ఊరి లోపల నీళ్లు పోయే నాలాలు ఏటేటా ఇరుకైపోయాయి. 2020 అక్టోబరు వానల్లో కూడా లోతట్టు బస్తీలే ముందు మునిగాయి. జాగా దొరకని మనలాంటివాళ్లు నీళ్లు పోయే చోటే ఇల్లు వేసుకుంటారు. నీళ్లు తమ దారి వెతుక్కుంటూ అక్కడికే వస్తాయి.

నీళ్లు తీశాక ఇంటికి పోయి చూస్తే అంతా బురద, కంపు. గోడ మీద నా భుజం ఎత్తున నీటి గీత. నానిన బియ్యం మూట పగిలి ఉబ్బిపోయింది. అక్క సంచి కోసం నాయిన బురదంతా కాళ్లతో తడిమి వెతికాడు. దొరకలేదు. జామెట్రీ బాక్సు మాత్రం మంచం కోడు కింద బురదలో దొరికింది. కడిగి నా చేతిలో పెట్టింది అక్కే. అప్పుడైనా నేను ఒక్క మాట అనాల్సింది. అనలేదు. సిగ్గేసి, తీసుకొని సంచిలో వేసుకున్నాను.

అమ్మ కొంగుముడిలో దాచిన పైసలతో శనివారం తిరుగు బస్సెక్కాం. అక్క కిటికీ దగ్గర కూర్చుంది. చాదర్‌ఘాట్ దాటుతుండగా "జూ ఎటు దిక్కుంటదిరా?" అని అడిగింది. కుడి చెయ్యి వైపు చూపించాను. దిల్‌సుఖ్‌నగర్ దాటేదాకా అటే చూస్తూ కూర్చుంది. అక్కడ ఇళ్లు, దుకాణాలు తప్ప ఏమీ కనపడవు.

మరుసటి ఎండాకాలం, 2001లో, అక్కకు పెండ్లి చేశారు. నేను 2003లో పది పాసయ్యాను. ఆ జామెట్రీ బాక్సుతోనే పరీక్ష రాశాను. తర్వాత కాలేజీ హాస్టల్, డిగ్రీ, ఉద్యోగం. హైదరాబాద్‌లోనే స్థిరపడ్డాను. జూ ముందు నుంచి ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. నా పిల్లలను తీసుకుపోయాను, ఆఫీసువాళ్ల చుట్టాలను తీసుకుపోయాను. అక్కను పిలుద్దామనుకున్న ప్రతిసారీ ఏదో ఒక పని. పత్తి ఏరే రోజులని అక్క, సెలవు లేదని నేను. ఎదుటి మనిషికి రావడం వీలుకాదని ముందే అనుకొని పిలవకపోవడం నాకు అలవాటైపోయింది.

2023లో అక్క బిడ్డకు సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కాలేజీలో సీటు వచ్చింది. చేర్పించడానికి అక్క వచ్చింది. ఫారాలు నింపడం, సంతకాలు, పెట్టె, బకెట్, దుప్పటి అన్నీ అయిపోయేసరికి మధ్యాహ్నం అయింది. సాయంత్రం బస్సుకు ఇంకా టైం ఉంది. బయటికి రాగానే చినుకులు మొదలయ్యాయి. నేను "జూకు పోదామా అక్కా" అన్నాను. అంటూనే మొగులు వైపు చూశాను. అక్క పకపకా నవ్వింది. "పోదాం పా. వాన మనకు కొత్తనా?" అంది.

వానకు జూలో జనం లేరు. సింహాలు బయటికి రాలేదు. పిల్లల రైలు కూడా ఎక్కలేదు. ఒక గొడుగు కింద ఇద్దరం సగం సగం తడుస్తూ నడిచాం. నీటిగుర్రం దగ్గరికి వచ్చేసరికి అది నీళ్లలోంచి తల ఎత్తి, మాకోసమే ఆగినట్టు, ఒక్కసారి నోరు తెరిచింది. అక్క చాలాసేపు చూసింది. "దాలి అంత లేదు. నువ్వు అబద్ధం చెప్పినవ్" అంది. ఇరవై మూడేళ్ల కిందటి మాట అంత కచ్చితంగా గుర్తు పెట్టుకుంది!

అప్పుడు అడిగాను. "ఆ రాత్రి బాక్సు గురించి నేను అన్న మాట యాదున్నదా అక్కా? తప్పయింది" అన్నాను. అక్క కొంగుతో మొహం తుడుచుకుంటూ "ఏం బాక్సు?" అంది. నిజంగానే మరిచిందో, నాకోసం మరిచినట్టు అన్నదో తెలియదు. దాలిని మరవని మనిషి బాక్సును ఎట్లా మరుస్తుంది? ఆ మాట నేను మళ్లీ అడగలేదు.

తమ్ముళ్లారా, నేను చెప్పదలచుకున్నది పెద్ద నీతి కాదు. మీ పెట్టెకు తాళం ఎవరు కొన్నారో ఒకసారి ఆలోచించండి. మీరు బడిలో ఉన్నందుకు బడి మానేసినవాళ్లు మీ ఇంట్లో ఒకరైనా ఉంటారు. అక్క కావచ్చు, అన్న కావచ్చు, చెల్లె కావచ్చు. ఈ దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు వాళ్లు ఏం చూడాలనుకుంటున్నారో అడగండి. మీరు చూసేసిందే అయినా మళ్లీ వాళ్లతో పోయి చూడండి. ఆ రోజు వాన పడితే, రేపు పోదాం అనకండి. తడిసి పొండి.

– పూర్వ విద్యార్థి (1998–2003 బ్యాచ్)